చప్పుడు పెరిగితే బలం పెరిగినట్టు కాదు

ఛత్తీస్‌గఢ్‌లోని తర్రెం పేరు చాలామంది 2021 ఏప్రిల్‌లో 22 మంది జవాన్లు చనిపోయిన ఎదురుకాల్పుల వార్తల్లో విన్నారు. బస్తర్‌లోని బీజాపూర్ జిల్లాలో ఉన్న ఆ ఊరి చుట్టుపక్కల మట్టిదారుల్లో తిరిగే బండ్లకు రోజూ ఎదురయ్యే శత్రువు మాత్రం ఎర్రటి దుమ్ము. వేసవిలో ముందు ఒక బండి పోతే వెనక వచ్చేవాళ్లకు దారి కనిపించదు. ఆ దుమ్మును వెనక బండి ఇంజిన్ కూడా పీలుస్తుంది.

ఇలాంటి దారుల కోసమే మన దేశంలో కార్బురేటర్ ఉన్న పెట్రోలు బండ్లు తయారయ్యాయి. 2.2 లీటర్ల ఇంజిన్ ఉన్న మహీంద్రా సీజే-3బీ జీపు, జబల్‌పూర్ వాహన కర్మాగారంలో సైన్యం కోసం తయారైన జోంగా ఆ కోవలోవే. వాటిని ఇష్టంగా నడుపుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లలో కొందరు మొదట చేసే మార్పు, కంపెనీ ఇచ్చిన ఎయిర్ క్లీనర్ డబ్బా తీసేసి కార్బురేటర్ నోటికి ఒక కోన్ ఫిల్టరు బిగించడం. ఇంజిన్ చప్పుడు గంభీరంగా మారుతుంది, పికప్ పెరిగినట్టు అనిపిస్తుంది. దుమ్ముదారుల్లో తిరిగే బండికి ఇది నష్టం తెచ్చే బేరం.

లీటరు పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 11 కిలోల గాలి కావాలి. అంటే దాదాపు 9,000 లీటర్ల గాలి. శుభ్రంగా ఉన్న ఫిల్టరు ఆ గాలికి కలిగించే అడ్డు సాధారణంగా వాతావరణ పీడనంలో ఒకటి రెండు శాతమే. ఫిల్టరును పూర్తిగా తీసేసినా మిగిలేది అంతే. మరోవైపు, గాలి ప్రతి 3 డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత సుమారు ఒక శాతం తగ్గుతుంది. బానెట్ కింద ఇంజిన్‌ను ఆనుకుని ఉన్న కోన్ ఆరు డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్న గాలిని పీల్చినా ఆ లాభం కాస్తా పోతుంది. పెరిగేది చప్పుడే, ఎందుకంటే పాత డబ్బా ఆ చప్పుడును అణిచేది కూడా.

దుమ్ము చేసే నష్టం ఇంకా పెద్దది. మట్టిలోని ఇసుక రేణువులు క్వార్ట్జ్. మోస్ కొలమానంలో దాని గట్టిదనం 7. సిలిండర్ పోత ఇనుము అంతకన్నా మెత్తన. పిస్టన్ రింగులకు, సిలిండర్ గోడకు మధ్య ఉండే ఆయిల్ పొర మందం కొన్ని మైక్రాన్లే. అంతకు కాస్త పెద్దవైన రేణువులు మధ్యలో ఇరుక్కుని గరుకు కాగితంలా గీస్తాయి. 95 శాతం దుమ్మును పట్టే ఫిల్టరుకు, 99 శాతం పట్టేదానికి తేడా నాలుగే అనిపిస్తుంది. లోపలికి పోయే దుమ్ము లెక్కన చూస్తే అది ఐదు రెట్లు.

కార్బురేటర్ సంగతి వేరే ఉంది. ఫ్లోట్ చాంబర్ గాలి రంధ్రం నేరుగా బయటికి తెరుచుకునే పాత రకాల్లో, ఫిల్టరు కలిగించే అడ్డు కూడా పెట్రోలు పాలును నిర్ణయిస్తుంది. ఆ అడ్డు తగ్గితే పెట్రోలు తగ్గుతుంది, ఇంజిన్ వేడెక్కవచ్చు. జెట్లు మార్చకుండా ఫిల్టరు మాత్రమే మార్చడం సగం పని. పైగా ఇంజిన్ బ్యాక్‌ఫైర్ అయినప్పుడు మంట బయటికి రాకుండా ఆపేది కూడా ఆ డబ్బానే.

అలాగని పాత ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్‌ను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అందులో గాలి నూనె మీదుగా ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది, బరువైన రేణువులు ఆ మలుపు తిరగలేక నూనెలో పడిపోతాయి. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలి వేగం తగ్గి, వడపోత కూడా తగ్గుతుంది. సన్న దుమ్మును పట్టడంలో కాగితం ఫిల్టరు దానికన్నా మేలు. మార్చాలనుకుంటే మూత ఉన్న డబ్బాలో, ఇంజిన్ వేడికి దూరంగా, గొట్టంతో కలిసే కాగితం ఫిల్టరుకు మారడం సబబు.

మార్చనివాళ్లు నూనె చిక్కబడగానే పారబోసి, గిన్నె కడిగి, గీత వరకే కొత్త నూనె పోయాలి. గీత దాటితే ఇంజిన్ ఆ నూనెను పీల్చేస్తుంది. ఏ ఫిల్టరైనా, దాని తర్వాతి గొట్టం లోపల వేలు పెడితే దుమ్ము అంటకూడదు. అంటిందంటే క్లిప్పు వదులైందనో, గొట్టం పగిలిందనో అర్థం. అప్పుడు ఎంత మంచి ఫిల్టరున్నా లేనట్టే.

అమ్మేవాళ్ల బాధ్యత కూడా ఉంది. ఫిల్టర్లను పరీక్షించడానికి ఐఎస్‌ఓ 5011 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. పెట్టె మీద ఎంత హార్స్‌పవర్ పెరుగుతుందో రాసే కంపెనీలు, ఆ పరీక్షలో ఎంత శాతం దుమ్ము ఆగిందో కూడా రాయాలి. కొనేవాళ్లు ముందు ఆ అంకె అడగాలి. నగరంలో ఇంజిన్ అరిగితే రీబోరింగ్ షాపు వీధి చివర దొరుకుతుంది. తర్రెం లాంటి ఊళ్లో బండి నీలిపొగ కక్కుతూ ఆగిపోతే, ఆ రోజు అందులో ఆసుపత్రికి పోవాల్సిన మనిషి కూడా ఆగిపోతాడు.