ఆదివారం కేకు, సోమవారం అంట్లు

భార్యాభర్తల మధ్య అనురాగం పెరగాలంటే ఇద్దరూ కలిసి కేకు చేసుకోవాలట! ఈ మధ్య సంసారాలకు సలహాలిచ్చే వాళ్ళందరిదీ ఇదే మాట. మైదా ఆయన జల్లించాలి, గుడ్లు ఈవిడ గిలక్కొట్టాలి. ఆయన ముక్కు మీద ఈవిడ చిటికెడు పిండి రాయాలి. ఆయన కోప్పడకూడదు, నవ్వాలి. తరవాత ఇద్దరూ ఓవెన్ అద్దం ముందు గొంతుక్కూచుని, అది పొంగుతూంటే చూసి మురిసిపోవాలి. కేకుతో పాటు కాపరం కూడా పొంగుతుందిట.

ముచ్చటగానే ఉంది, కాదనను. కాని ఈ సలహాదార్లలో ఒక్కరూ ఇడ్లీపిండి ఊసెత్తరేం? మధ్యాహ్నం మినప్పప్పు నానపోసి, సాయంత్రం రుబ్బి, రవ్వ కడిగి పిండి కలిపి, రాత్రి పొర్లిపోకుండా పెద్ద గిన్నెలోకి మార్చి పెట్టుకుంటామే, అదీ పొంగేదే కదా! దంపతులిద్దరూ భుజం భుజం ఆనించి గ్రైండరు కడిగితే అనురాగం పెరగదని ఏ శాస్త్రంలో రాసుంది?

ఎందుకెత్తరో నాకు తెలుసు. కేకు ఎవరి ఆకలికీ అక్కర్లేని వంట. కప్పుల్లో కొలత ఉంది, 180 డిగ్రీలు అని లెక్క ఉంది, ముప్ఫై అయిదో నలభయ్యో నిమిషాలు అని గడువు ఉంది. మధ్యలో పుల్ల గుచ్చి చూస్తే తడి అంటకపోతే అయిపోయినట్టే. అయిపోయాక చప్పట్లుంటాయి, ఫోటో ఉంటుంది. తొందరపడి తలుపు తీస్తే చప్పున కుంగిపోతుంది, అయినా ఎవరూ పస్తుండరు. ఇద్దరూ పకపకా నవ్వుకుని చెంచాలతో తినేస్తారు. అదే పొద్దున్న ఎనిమిదింటికి కారియరు కట్టేవేళ పప్పు ఉడక్కపోతే నవ్వే మగాణ్ణి ఒక్కణ్ణి చూపించండి!

మన ఇళ్ళకి కేకు కొత్తేమీ కాదు. ఓవెన్లు లేని 1970ల్లో, 80ల్లోనే మనవాళ్ళు ప్రెషర్ కుక్కర్‌లో ఇసుక పోసి, గాస్కెట్టూ వెయిటూ తీసేసి, సన్నసెగ మీద బ్రహ్మాండమైన కేకులు చేశారు. పిల్లలు బడికి వెళ్ళాక, మధ్యాహ్నం కునుకు మానుకుని, ఒక్కతే ఇల్లాలు చేసేది. దానివల్ల దాంపత్యం బలపడుతుందని అప్పుడెవరూ అనలేదు. మాడితే మాత్రం గ్యాసు దండగన్నారు. మీటలూ అంకెలూ ఉన్న ఓవెన్ వచ్చాకే శ్రీవారు వచ్చారు. మగవాడు వంటింట్లోకి యంత్రం వెంట వస్తాడు మరి. గ్రైండరు కూడా యంత్రమేనన్న సంగతి మటుకు ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.

నాకు తెలిసిన ఒకమ్మాయి ఉంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఉద్యోగస్తులే. అతను ప్రతి ఆదివారం ఆమెతో కలిసి కేకో బిస్కట్లో చేస్తాడు. చుట్టాలందరికీ ఆ జంట ఒక ఆదర్శం. “ఎంత అదృష్టవంతురాలివే!” అని నలుగురిలో ఎవరో అంటే ఆ పిల్ల నవ్వేసి ఊరుకుంది. తరవాత నాతో అంది గదా, “పిన్నీ, ఆదివారం మధ్యాహ్నం ఆయనతో కేకు చెయ్యాలంటే, ఆ పూట వంటకి కూరలు శనివారం రాత్రే తరిగి పెట్టుకోవాలి నేను. కేకయ్యాక అంట్లు తోమేదీ నేనే. రెండు గిన్నెలు, జల్లెడ, బీటరు, కేకు డబ్బా, అన్నిటికీ వెన్న జిడ్డు. వేణ్ణీళ్ళుంటే గాని వదలదు. ఆయన ఆ టైములో ఫోటోలు పంపిస్తూ ఉంటారు” అని. ఆ పిల్ల మొగుడు దుర్మార్గుడేం కాదు. పాపం, తను ఇంటిపనిలో సగం చేస్తున్నానని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. నాకు భయం అక్కడే. ఏమీ చెయ్యనివాడికి ఎప్పటికైనా కాస్త సిగ్గేస్తుంది. కేకు చేసినవాడికి ఆ సిగ్గు కూడా పోతుంది!

ఇదంతా ఆడవాళ్ళ సణుగుడు అనేవాళ్ళ కోసం సర్కారువారి లెక్క చెబుతాను. మనదేశంలో ఎవరెవరు రోజులో ఎంతసేపు ఏం చేస్తారో 2019లో సర్వే చేశారు. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అదీ, ఆ రోజు ఏదో ఒక పని ముట్టుకున్నవాళ్ళ లెక్కే. అసలు ముట్టుకోని మహానుభావులు ఇందులో లేనే లేరు. మధ్యలో 2020 వచ్చింది. మార్చి 25 నుంచి దేశమంతా ఇళ్ళకి తాళాలు పడ్డాయి. మగవాళ్ళు ఇంటిపట్టునే ఉన్నారు, ఊరూవాడా కేకులే కేకులు. ఇక వంటింటి రాతే మారిపోయిందనుకున్నాం. 2024లో మళ్ళీ సర్వే చేస్తే ఆడవాళ్ళవి 289 నిమిషాలు, మగవాళ్ళవి 88. మనకి పది నిమిషాలు తగ్గితే, ఆయనగారికీ తొమ్మిది తగ్గాయి. ఇన్ని కేకుల ఫలితం ఇదన్నమాట!

వంట అనగానే మనవాళ్ళు నలభీమపాకం అంటారు. భీముడు వండింది అజ్ఞాతవాసంలో, విరాటరాజు కొలువులో, జీతానికి. నలుడూ బాహుకుడై ఋతుపర్ణుడి కొలువులో చేరాడు. కాని నలుడి కథలో నాకు నచ్చిన చోటు ఒకటుంది. రూపం మారిపోయిన నలుణ్ణి దమయంతి పోల్చుకున్న గుర్తుల్లో వంట రుచి ఒకటి. చెలికత్తె చేత అతను వండింది తెప్పించుకుని, రుచి చూసి, వండినవాడు నలుడేనని తేల్చుకుంది. అంతకుముందు అతని చేతివంట ఆవిడ ఎన్నోసార్లు తిన్నది మరి! నిషధ రాజ్యమేలినవాడు ఇంట్లో పెళ్ళానికి వండిపెట్టాడు. పక్కన నిలబడి కప్పులు అందించమని ఆవిణ్ణి పిలిచినట్టు మాత్రం ఎక్కడా లేదు.

పోనీ, ఇద్దరూ కలిసి చేసిన పని మనకి లేదా అంటే, ఉంది. ఆవకాయ. టెంకతో సహా కాయలు కొట్టడానికి బలమైన చెయ్యి కావాలి కనక ఆయన కత్తిపీట ముందు కూచునేవాడు. ఈవిడ ముక్కల్లో జీడి తీసి, పొర ఒలిచి, తడి లేకుండా తుడిచి, కారం, ఉప్పు, ఆవపిండి కొలిచి, నూనె పోసి కలిపేది. ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదీ తినాల్సింది అది, చెడిపోతే నవ్వుకుని వదిలేసేది కాదు. ఇప్పుడు ముక్కలు బజార్లోనే కొట్టి ఇస్తున్నారు కనక ఆ పొత్తూ పోయింది.

మనలో కొందరి సంగతి కూడా చెప్పాలి. ఆయన బెండకాయలు తరిగితే “ఇవేం ముక్కలండీ, గోళీకాయల్లా!” అని చాకు లాక్కునే ఇల్లాళ్ళున్నారు. “మావాడిచేత అంట్లు తోమిస్తున్నావా?” అని కళ్ళనీళ్ళు పెట్టుకునే అత్తగార్లున్నారు. ఆ అత్తగారే కొడుకు కేకు చేస్తే ఇరుగుపొరుగులకి పంచిపెడుతుంది!

ఎక్కడో అక్కడ మొదలవనీయండి, కేకుతో మొదలై కూరలోకి వస్తాడు అంటారేమో. నేను చూసినంతలో కేకులోంచి బిస్కట్లలోకి, బిస్కట్లలోంచి బ్రెడ్డులోకి వెళ్ళారు గాని, చారులోకి వచ్చినవాళ్ళు లేరు. వచ్చినా “ఏం చెయ్యమంటావ్? పోపు డబ్బా ఎక్కడ?” అని అడుగుతూ పక్కన నిలబడతారు. చేతులు ఆయనవి, బుర్ర మనదీనూ. రేపేం వండాలి, పెరుగు తోడుందా, పిల్లాడికి కారం తగ్గించాలా అన్న ఆలోచన ఎప్పటికీ మన నెత్తినే.

అంచేత, కాపరం గట్టిపడాలంటే నా సలహా వేరు. కలిసి చెయ్యొద్దు. వారంలో మూడురోజులు పొద్దుటి వంట పూర్తిగా ఆయనకి వదిలెయ్యండి. ఏం వండాలో ఆయనే అనుకోవాలి, వండాలి, కారియర్లు కట్టాలి, గట్టు తుడవాలి. మీరు వంటింటి వైపు పోకండి. పేపరు చదువుకోండి. ముక్కలు ఎలా తరిగినా నోరెత్తకండి. ఇలా ఆర్నెల్లు జరిగాక ఇద్దరూ కలిసి కేకు చేసుకుంటామంటే నాకేం అభ్యంతరం లేదు. గుడ్ల కోసం ఆయన బజారుకి బయల్దేరేముందు, ఇంట్లో చింతపండు ఉందో లేదో కూడా ఆయన్నే చూసుకోమనండి.