రేషన్‌కు లక్షన్నర, రిజర్వేషన్‌కు ఎనిమిది లక్షలు

ఖమ్మం జిల్లా కల్లూరు తహసీల్దార్ కార్యాలయంలో పేదరికానికి రెండు కొలతలున్నాయి. పల్లెలో ఏడాది ఆదాయం 1.5 లక్షల రూపాయలు దాటిన కుటుంబానికి రేషన్ కార్డు రాదు. బీసీ విద్యార్థుల ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ అదే గీత. కానీ ఓసీ కుటుంబానికి ఆర్థికంగా బలహీన వర్గాల (ఈడబ్ల్యూఎస్) సర్టిఫికెట్ కావాలంటే ఆదాయం 8 లక్షల లోపు ఉంటే చాలు. బియ్యం దగ్గర పేద కాని ఇల్లు, ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి పేద ఇల్లవుతోంది.

ఈ తేడా చిన్నది కాదు. నెలకు 65 వేల జీతం వచ్చే ఇంటి ఆదాయం ఏడాదికి 7.80 లక్షలు. సెంటు భూమి లేక మిర్చో పత్తో కౌలుకు వేసి, పంట పోతే అప్పు మీద అప్పు చేసే ఇల్లు మరొకటి. రెండిళ్ల పిల్లలూ ఒకే 10 శాతం ఈడబ్ల్యూఎస్ కోటాలో పోటీ పడాలి. జీతం ఉన్న ఇంటి బిడ్డ హైదరాబాద్‌లో కోచింగ్‌కు వెళ్తుంది. కౌలు రైతు కొడుకు పత్తి తీతల మధ్య పుస్తకం తీస్తాడు. పేదల కోసమని పెట్టిన కోటాలో సీటు ఎవరికి దక్కుతుందో ఊహించడం కష్టం కాదు.

ఆదాయం ప్రకారం రిజర్వేషన్ ఇవ్వాలన్న ఆలోచన పాతదే. తెలుగువాడైన ప్రధాని పి.వి.నరసింహారావు ప్రభుత్వం 1991 సెప్టెంబరులో, రిజర్వేషన్లు లేని వర్గాల పేదలకు 10 శాతం ఉద్యోగాలు కేటాయించింది. మరుసటి ఏడాది ఇందిరా సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2019 జనవరిలో 103వ రాజ్యాంగ సవరణ ఆ అడ్డంకిని తొలగించింది. తెలంగాణలో ఈడబ్ల్యూఎస్ కోటా 2021లో అమల్లోకి వచ్చింది. 2022 నవంబరు 7న సుప్రీంకోర్టు ధర్మాసనం 3-2 తేడాతో ఆ సవరణను సమర్థించింది.

భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ రవీంద్ర భట్ ప్రస్తావించిన లెక్కలు మాత్రం మరుగున పడకూడదు. ఆర్థికంగా వెనుకబడిన వర్గాలపై వేసిన సిన్హో కమిషన్ ప్రకారం దేశంలో దారిద్ర్యరేఖకు దిగువన సుమారు 31.7 కోట్ల మంది ఉంటే, అందులో ఎస్సీలు 7.74 కోట్లు, ఎస్టీలు 4.25 కోట్లు, ఓబీసీలు 13.86 కోట్లు. మిగతా వర్గాల పేదలు 5.5 కోట్లు. పేదరికమే ప్రాతిపదిక అని చెప్పిన కోటా, పేదల్లో అత్యధికుల్ని వారి కులం చూసి గుమ్మం బయటే ఆపేసింది.

ఆదాయం చూపించలేనిది ఇంకొకటుంది. కల్లూరు నుంచి భద్రాచలం వైపు వెళ్తే ఏజెన్సీ మొదలవుతుంది. అక్కడి కోయ, కొండరెడ్డి పిల్లలకు డబ్బు లేకపోవడం ఒక్కటే కష్టం కాదు. బడి దూరం, పాఠం చెప్పే భాష వేరు, బయట నుంచి వచ్చిన పంతులు ఎన్నాళ్లుంటాడో తెలియదు. అందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000 జనవరి 10న జీవో 3 ఇచ్చి, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. టీచర్ల గైర్హాజరును అరికట్టడం దాని లక్ష్యాల్లో ఒకటి. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంటూ 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను రద్దు చేసింది. అప్పటికే చేసిన నియామకాల జోలికి మాత్రం పోలేదు. ఆ జీవో తీర్చాలనుకున్న కొరత ఏ ఆదాయ సర్టిఫికెట్‌లోనూ కనిపించేది కాదు.

కుల రిజర్వేషన్లు తీసేసి ఆదాయమే చూస్తే చాలు అనేవారికి ఇదే సమాధానం. అయితే ఆదాయాన్ని పూర్తిగా పక్కన పెట్టాలనడమూ సరికాదు. బ్రెజిల్ 2012లో చేసిన చట్టం ఫెడరల్ యూనివర్సిటీల్లో సగం సీట్లు ప్రభుత్వ బడుల్లో చదివిన వారికి కేటాయించింది. వాటిలో సగం తక్కువ ఆదాయ కుటుంబాలకు. రెండు భాగాల్లోనూ నల్లజాతి, ఆదివాసీ విద్యార్థులకు ఆయా రాష్ట్రాల జనాభాను బట్టి వాటా ఉంది. ఆదాయమా, జాతా అని ఆ దేశం వాదిస్తూ కూర్చోలేదు. రెండింటినీ ఒకే చట్టంలో చేర్చింది.

మన దగ్గర దిద్దుబాటు కోసం ఢిల్లీ వైపు చూడనక్కర్లేదు. కుటుంబ ఆదాయం, ఇతర సూచికల ఆధారంగా ఆర్థికంగా బలహీనులెవరో ఎప్పటికప్పుడు నోటిఫై చేసే అధికారాన్ని రాజ్యాంగంలోని 15(6) అధికరణ వివరణ రాష్ట్రాలకూ ఇచ్చింది. బీసీల్లో 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి తొలి ప్రాధాన్యం ఇచ్చిన హరియాణా నిర్ణయాన్ని 2021లో సుప్రీంకోర్టు కొట్టేసిన మాట నిజమే. కేవలం ఆదాయంతో బీసీల్లోని సంపన్న శ్రేణిని (క్రీమీలేయర్‌ను) తేల్చకూడదన్నది అక్కడి అభ్యంతరం. ఈడబ్ల్యూఎస్‌కు ఆ చిక్కు లేదు. దాని పునాదే ఆర్థిక స్థితి.

కాబట్టి తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర ఉద్యోగాల్లో, కాలేజీ సీట్లలో ఈడబ్ల్యూఎస్ కోటాను ముందు రేషన్ కార్డు ఆదాయ పరిమితి లోపు ఉన్న కుటుంబాలకే ఇవ్వాలి. మిగిలితేనే పై ఆదాయాల వారికి ఇవ్వాలి. ఏటా ఏ ఆదాయం వారికి ఎన్ని సీట్లు దక్కాయో ప్రకటించాలి. ఏజెన్సీ బడుల్లో స్థానిక గిరిజన టీచర్ల కోసం కోర్టు తీర్పుకు లోబడిన కొత్త విధానం తేవాలి. ఈ మూడూ రాష్ట్ర ప్రభుత్వం చేయగలిగినవే. తదుపరి నోటిఫికేషన్‌కు ముందే చేయాలి.