తెల్ల కారుపై నారింజ చుక్కలు



గత మాసం నా మేనల్లుడు తన తెల్ల కారును మా ఇంటి ముందు నిలిపి, "మామూ, ఇది తుప్పేనా? కాస్త చూడండి" అని దిగులుగా అడిగాడు. కాజీపేట రైల్వే స్టేషను వద్ద కిరాయికి తిరిగే బండి అది. మా చెల్లెలు తన గాజులు అమ్మి కొనిచ్చింది. ఇప్పుడు దానిని అమ్మి మరికొంత పెద్ద బండి తీసుకోవాలని అతని ఆలోచన. అయితే చూడడానికి వచ్చిన వ్యక్తి బానెట్టుపైనా, తలుపులపైనా ఉన్న సన్నని నారింజ రంగు చుక్కలను చూపించి, "బండంతా తుప్పు పట్టింది" అంటూ ధరను బాగా తగ్గించాడట.

ఎవరో మిత్రుడు మరుగుదొడ్డి కడిగే ఆమ్లంతో తుడవమని సలహా ఇచ్చాడు. అల్లాహ్ దయవల్ల మావాడు ముందుగా ఒక చక్రంపై మాత్రమే ప్రయత్నించాడు. అల్యూమినియం చక్రం క్షణాల్లో మెరుపు కోల్పోయి మచ్చలు తేలింది. అక్కడితో ఆగిపోయాడు.

వాహనాల విద్య నాకు తెలియదు. మా వీధిలో కార్లు కడిగే దుకాణదారుణ్ణీ, కళాశాలలో రసాయన శాస్త్రం బోధించే ఒక మిత్రుణ్ణీ అడిగి తెలుసుకున్న విషయాలను పాఠకుల ముందుంచుతున్నాను. ఇంట్లో కారు ఉన్న ప్రతివారికీ ఇవి పనికివస్తాయి.

ఆ చుక్కలు చాలావరకు కారు ఇనుముకు పట్టిన తుప్పు కావు. బ్రేకు వేసిన ప్రతిసారీ పోత ఇనుముతో చేసిన డిస్కు అరిగి, సూక్ష్మమైన రజను గాలిలోకి లేస్తుంది. రైలు చక్రాలు, పట్టాలు, బ్రేకులు ఒరుసుకున్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. రైలు మార్గం పక్కన నిలిపే బండ్లకు ఈ బాధ ఎక్కువగా ఉండడానికి కారణమిదే. ఆ రజను రంగుపై ఉండే పారదర్శకమైన పొరలో గుచ్చుకుంటుంది. అక్కడ తేమ తగిలి తుప్పు పట్టి, నారింజ చుక్కగా కనబడుతుంది. షాంపూతో ఎంత రుద్దినా అది కదలదు. సన్నని ప్లాస్టిక్ సంచిని చేతికి తొడిగి, కడిగిన బానెట్టుపై మెల్లగా నిమిరితే ఇసుక కాగితంలా గరుకుగా తగులుతుంది.

దీనికోసమే ఇనుప రజను తొలగించే స్ప్రేలు బజారులో లభిస్తున్నాయి. వాటిని మూడు తరగతులుగా చూడవచ్చు.

మొదటి తరగతిలో ప్రధాన ద్రవ్యం థయోగ్లైకోలేట్ లవణం. అది ఇనుముతో కలిసి నీటిలో కరిగే పదార్థంగా మారుతుంది, అప్పుడే ఊదా రంగు పుడుతుంది. దక్షిణ కొరియాకు చెందిన కార్‌ప్రో వారి ఐరన్‌ఎక్స్ వంటివి ఈ రకానివే. వీటిలో చాలావాటి పీహెచ్ తటస్థానికి దగ్గరగా ఉంటుంది గనుక రంగుకు హాని తక్కువ. వాసన మాత్రం కుళ్లిన గుడ్డును తలపిస్తుంది. వెంట్రుకలు తొలగించే క్రీములలోనూ ఇదే కుటుంబపు రసాయనం ఉంటుంది గనుక ఆ వాసన చాలా ఇళ్లలో పరిచితమే.

రెండవ తరగతి కూడా రంగు మారేదే, కాని చిక్కగా ఉంటుంది. చక్రాల కోసం తయారైనది. నిలువుగా ఉన్న భాగాలపై జారిపోకుండా అంటిపెట్టుకుంటుంది. సీసాపై బండి రంగుకు కూడా వాడవచ్చని రాసి ఉంటేనే దానిని రంగుపై వాడాలి.

మూడవ తరగతి ఆమ్లాలతో చేసినవి. ధర తక్కువ, ప్రమాదం ఎక్కువ. కొన్నింటిలో ఉండే ఫ్లోరైడ్ సమ్మేళనాలు చర్మం లోపలికి దిగి తీవ్రమైన గాయం చేస్తాయి. పిల్లలున్న ఇంట వీటికి చోటు ఇవ్వకపోవడమే మేలు.

మేము మొదటి రెండు తరగతుల నుండి ఒక్కొక్క సీసా తెచ్చి పోల్చి చూశాము. తూకపు రాళ్లు ఒకటైతేనే పోలిక న్యాయంగా ఉంటుంది. అందుచేత ఒకే బానెట్టును నీడలో కడిగి, మధ్యలో టేపు అంటించి, ఇరువైపులా సమానంగా చల్లి మూడు నిమిషాలు ఉంచాము. ఒకవైపు ముదురు ఊదా ధారలు కారాయి, రెండవవైపు లేత రంగే వచ్చింది. మావాడు వెంటనే మొదటిదానికి ఓటు వేశాడు. కాని నీటితో కడిగి సంచితో నిమిరితే, చిక్కని ద్రవం నిలిచిన రెండవవైపే ఎక్కువ నునుపుగా ఉంది. రంగు మారడం ఇనుము కరుగుతున్నదనడానికి గుర్తే గాని, ఎంత శుభ్రపడిందో తెలిపే కొలత కాదు. ఆ తీర్పు చేతి స్పర్శదే.

ధర విషయంలోనూ సీసాను గాక, ఒక పర్యాయానికి అయ్యే ఖర్చును చూడాలి. ఉదాహరణకు 800 రూపాయల సీసా నాలుగుసార్లు వస్తే ఒకసారికి 200 రూపాయలు. 500 రూపాయల సీసా రెండుసార్లకే అయిపోతే 250 రూపాయలు. సాధారణంగా సంవత్సరానికి ఒకటి రెండుసార్లకు మించి అవసరం ఉండదు. సంచి పరీక్షలో గరుకు తగలకపోతే అసలు కొనవలసిన పనే లేదు.

వాడేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. చేతి తొడుగులు ధరించాలి. గాలి ఆడే చోట, బండి చల్లబడిన తరువాతే చల్లాలి. ద్రవాన్ని ఆరనివ్వరాదు, సీసాపై రాసిన గడువులోపే కడిగివేయాలి. ఆమ్లంతో గాని, బ్లీచింగ్‌తో గాని ఎన్నడూ కలపరాదు, విషవాయువులు వెలువడతాయి. తారు మరకలు, చెట్ల జిగురు దీనితో పోవని కూడా గుర్తుంచుకోవాలి.

మావాడి కారుపై చుక్కలన్నీ పోయాయి. కాని వెనుక తలుపు అంచున ఒకచోట రంగు పొంగి, చిన్న బుడగలా మిగిలిపోయింది. అది పైనుండి వచ్చిన రజను కాదు, లోపలి ఇనుముకే పట్టిన తుప్పు. ఏ స్ప్రే దానిని పోగొట్టదు, గీకి మళ్లీ రంగు వేయించవలసిందే.

"మామూ, అది చెబితే మళ్లీ ధర తగ్గిస్తాడేమో" అన్నాడు.

"తగ్గించవచ్చు. అయినా కొనేవాడికి నీవే చూపించు" అన్నాను.

కొనుగోలుదారు తిరిగి వచ్చినప్పుడు మావాడు ముందు ఆ తలుపునే తెరిచి చూపించాడు, తరువాత మచ్చలు పడ్డ చక్రాన్ని చూపించాడు. అతడు బానెట్టుపై చేయి వేసి నిమిరాడు. తలుపు మరమ్మతుకు అయ్యే ఖర్చు మాత్రమే తగ్గించి, మిగిలిన ధరకు ఒప్పుకున్నాడు.