ప్రాజెక్టు జిరాక్సు దుకాణంలో కాదు, మన గల్లీలో దొరుకుతుంది

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నా. ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలుంటే చివరిదాకా చదవండి.

గుణవంత విద్యార్థుల సన్మానం మనకు కొత్త కాదు. శాలువా, పూలగుత్తి, ఫోటో. అక్కడ మనం చూసేది మార్కుల శాతం ఒక్కటే. ఆ అమ్మాయి డిగ్రీలో ప్రాజెక్టు దేనిమీద చేసింది, ఏ సార్ చేయించారు అని ఎవరం అడగం. అందుకే చాలాచోట్ల ప్రాజెక్టంటే పాతదొకటి తెచ్చి, పేరు మార్చి, బైండింగ్ చేయించడమే అయిపోయింది.

నేను చెప్పేది ఒక్కటే. ఈ ప్రాజెక్టును గండం గడిచే కాగితంగా చూడకండి. మన షోలాపూర్ తెలుగువాళ్ల సంగతులు మన పిల్లలే, ఒక గురువు దగ్గర పద్ధతి నేర్చుకుని, రాసిపెట్టే అవకాశం ఇది.

నియమం తెలుసుకోండి. 2022 డిసెంబరులో యూజీసీ తెచ్చిన చట్రం ప్రకారం, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏడు పరిశోధన తీసుకోవచ్చు. మొత్తం 160 క్రెడిట్లలో 12 ఆ ప్రాజెక్టువే. అధ్యాపకుల మార్గదర్శనంలోనే చేయాలి. మహారాష్ట్రలో అనుబంధ కాలేజీలకు కొత్త విద్యావిధానం 2024-25 నుంచి వచ్చింది. అప్పుడు చేరినవాళ్లు 2027లో నాలుగో ఏటికి వస్తారు. ఆలోచించుకోవలసింది ఇప్పుడే.

"ఇంకో ఏడాది ఫీజు ఎవరు కడతారు? మూడేళ్లతో ముగించి పుణెలో ఉద్యోగం చూసుకోనీ" అనే తల్లిదండ్రులున్నారు. పవర్‌లూమ్ మీద, బీడీల మీద బతికే ఇంట్లో ఆ మాట తప్పు కాదు. అందరూ నాలుగో ఏడు చదవాలని నేననను. కానీ 75 శాతంతో నాలుగేళ్ల డిగ్రీ అయితే ఎం.ఏ. లేకుండానే పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత ఉంది, నెట్ కూడా రాయొచ్చు. అది తెలిసి నిర్ణయించుకోండి. మూడేళ్లతో ఆపేవాళ్లు కూడా, కాలేజీలో ప్రాజెక్టు ఇస్తే, దాన్ని నిజంగా చేయొచ్చు.

గురువు అసలు పని ప్రశ్నను చిన్నది చేయడం. పిల్లలు "షోలాపూర్ చేనేత చరిత్ర" అని మొదలుపెడతారు. అది పదేళ్ల పని. మంచి సార్ దాన్ని ఇలా కుదిస్తారు: ఒక గల్లీ, ఇరవై ఇళ్లు, మూడు తరాలు. పడుగు, పేక, నాడె, అచ్చు, కండె అనే మాటలు తాతకు ఎన్ని తెలుసు, మనవరాలికి ఎన్ని తెలుసు? వాటి బదులు ఏ మరాఠీ మాట, ఏ ఇంగ్లీషు మాట వచ్చింది? ఇది కొన్ని నెలల్లో అయ్యే పని. వారానికోసారి సార్ దగ్గర కూర్చుని రాసింది చూపించాలి. "ఇది నువ్వు విన్నదా, అనుకున్నదా?" అని సార్ అడుగుతారు. చదువు అక్కడే మొదలవుతుంది.

సార్‌కు తెలుగు రాకపోవచ్చు. ఫర్వాలేదు. పద్ధతి ఆయన నేర్పుతారు, భాష మన ఇంట్లో ఉంది. మరాఠీలో రాసినా, ఇంగ్లీషులో రాసినా, చివర మన మాటల పట్టిక తెలుగు లిపిలో ఉండాలి. లిపి రాని పిల్లలకు నేర్పే పెద్దలు మనలో ఉన్నారు.

పెద్దలకు ఒక మనవి. పిల్లలు నోటుబుక్కు పట్టుకుని వస్తే "ఇవన్నీ నీకెందుకమ్మా" అని పంపేయకండి. చేతిమగ్గం నేసిన తరం తగ్గిపోతోంది. వాళ్లతో పాటే ఆ మాటలూ పోతాయి. పిల్లలూ, మీరు అడిగి, వాళ్లు ఒప్పుకున్నాకే రికార్డు చేయండి. పేరు వద్దంటే రాయకండి. పూర్తయ్యాక ఒక ప్రతి ఆ ఇంటికి ఇచ్చి రండి.

సంఘం ముందు నా సూచనలు మూడు. మంచి ప్రాజెక్టుకు మార్కులతో సంబంధం లేకుండా వేరే సన్మానం పెట్టాలి. ప్రయాణం, ప్రింటింగ్ ఖర్చు సంఘమే భరించాలి. చేసిన పిల్లలు ఆ సభలో పది నిమిషాలు, వచ్చినంత తెలుగులోనే, తాము ఏం తెలుసుకున్నారో చెప్పాలి.

మీ ఇంట్లో మాట్లాడటానికి ఒప్పుకునే తాతయ్యో, అమ్మమ్మో ఉంటే కార్యవర్గానికి పేరివ్వండి. పిల్లలు వెతుక్కుంటూ వచ్చేసరికి ఆ జాబితా సిద్ధంగా ఉండాలి.