రైతు భోజనమునకు కొలత కావలయును



పాడిగేదెకు మనము ప్రత్తిగింజలను కొలిచి పెట్టుదుము. తక్కువైనచో పాలు తగ్గుననియు, మించినచో అరుగుదల చెడుననియు ఎరుగుదుము. ప్రత్తిచేనికి యూరియా మితిమీరినచో మొక్క ఆకుతో గుబురెక్కి పచ్చదోమకు విందగునే గాని కాయ పట్టదని మనలో తెలియనివారు లేరు. నత్రజని, భాస్వరము, పొటాషు, వీనిలో ఏది ఎంత వేయవలెనో మన్ను పరీక్ష చేయించి తెలిసికొనుచున్నాము. చేనికిని పశువునకును గల యీ కొలత మన కంచమునకు మాత్రము లేకపోయినది. దానిని గూర్చియే ఈ నెల నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మన గుంటూరు, ప్రకాశము సీమల నల్లరేగడి గ్రామములలో పూర్వము దినభోజనము జొన్న, సజ్జ, కొర్ర, వరిగ. వరియన్నము మెట్టపల్లెలలో పండుగనాటి మాట. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము నుండి 1967లో కాలువలకు నీరు వదలిరి. 1983లో కిలో బియ్యము 2 రూపాయలకు ఇచ్చు పథకము వచ్చినది. అన్నము ఇంటింట నిండినది. ఇది కీడని నేననను. ఆకలి దినములను పొగడుట అవివేకము. జొన్నయైనను ఒంటిగా మేలు చేయలేదు. జొన్న తప్ప వేరొకటి దొరకని పేదలలో పెల్లగ్రా యను వ్యాధి కనబడుటను 1960 ప్రాంతమున హైదరాబాదు పోషకాహార పరిశోధనశాలలో డాక్టరు సి. గోపాలన్ గారు పరిశీలించిరి. ఏ ఒక్క ధాన్యమును సంపూర్ణాహారము కాదనుటయే అందలి పాఠము.

అన్నముతో పాటు నూనెయు పెరిగినది. అప్పుడు నూనె గానుగ నుండి చిన్న సీసాతో వచ్చెడిది. ఇప్పుడు అంగడి నుండి ప్యాకెట్లతో వచ్చుచున్నది. చేయి వంచినంత పోయుచున్నాము. కూరలో తేలుట, పచ్చడిపై నిలుచుట, బజ్జీల బాణలిలో మరల మరల కాగుట మర్యాదకు గురుతైనది. గ్రాము పిండిపదార్థము 4 కెలోరీల శక్తి నిచ్చినచో గ్రాము కొవ్వు 9 ఇచ్చును. కావున కంటికి కొంచెముగా కనబడునది ఒంటికి పెద్దమొత్తమగును.

మరి ఎంత తినవలయును? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనలలో దినమునకు 2000 కెలోరీల భోజనమునకు లెక్క చూపిరి. ధాన్యములు 250 గ్రాములు; పప్పులు, లేక వానికి బదులు మాంసము, చేపలు 85 గ్రాములు; ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు; పండ్లు 100 గ్రాములు; పాలు 300 మిల్లీలీటర్లు; వేరుశనగ, నువ్వులు వంటి గింజలు 35 గ్రాములు; నూనె, నేయి కలిపి 27 గ్రాములు. వేరుశనగ గింజ బరువులో ఇంచుమించు సగము నూనెయే యని కూడ జ్ఞప్తియందుంచుకొనవలెను.

గ్రాముల లెక్క పొయ్యికడ సాగదు. దానిని నెలచీటీగా మార్చి చూతము. నలుగురున్న ఇంటికి 30 దినములకు ధాన్యము 30 కిలోలు, పప్పులు సుమారు 10 కిలోలు, నూనెయు నేయియు కలిపి 3 కిలోల పైచిల్లర, అనగా సుమారు మూడున్నర లీటర్లు. కాయకష్టము చేయువారికి ఇంతకన్న ఎక్కువ కావలయును. పిల్లలకు వయస్సును బట్టి మారును. అయినను తమ ఇంటి అంగడిచీటీని తీసి ఈ మూడు అంకెల ప్రక్కన పెట్టి చూడుడు. అనేకుల చీటీలో బియ్యము మించును, నూనె మించును, పప్పు సగమునకును రాదు. కొరత ఎచ్చటనో, మిగులు ఎచ్చటనో అప్పుడు దానంతట తేటపడును.

ఇందు మరియొక అన్యాయము గలదు. నూనె ఖర్చు కావలసినది కష్టముచే. 2020లో సంస్థవారు నిర్ణయించిన ప్రకారము కూర్చుండి పనిచేయు పురుషునకు దినమునకు 25 గ్రాముల నూనె చాలును. బరువుపని చేయువానికి 40 గ్రాములు తగును. ఎడ్లతో దున్నిన తండ్రి తిన్న తిండినే ట్రాక్టరుతో దున్నించి మోటారుసైకిలుపై చేను చూచివచ్చు కుమారుడును తినుచున్నాడు. ఆ మిగులు పొట్టచుట్టు చేరి మధుమేహమునకును, గుండెజబ్బునకును దారితీయును. అదే ఇంట దినమెల్ల వంగి ప్రత్తి తీసి, మిరపకాయలు కోసి వచ్చిన కోడలు అందరును తినిన పిమ్మట మిగిలిన అన్నమును పచ్చడితో ముగించును. మన రాష్ట్రమున యుక్తవయస్సు స్త్రీలలో సగమునకు మించి రక్తహీనులని ప్రభుత్వపు కుటుంబారోగ్య పరిశీలన తెలుపుచున్నది. ఆమెకు చెప్పవలసిన మాట "నూనె తగ్గించుము" అని కాదు. "పప్పును, ఆకుకూరను, గ్రుడ్డును ముందు నీ కంచమున వడ్డించుకొనుము" అని. ఒకే ఇంట ఒకరికి తగ్గింపు, ఒకరికి హెచ్చింపు: సమతుల్యమనగా ఇదియే.

"పప్పు ధర మండుచున్నది, బియ్యమే చవుక, మేమేమి చేయుదుము?" అని కొందరందురు. మాట నిజమే. ప్రత్తియు మిరపయు అమ్మి సర్వమును కొనుక్కొను రైతు ధర చెప్పినట్లు తినక తప్పదు. కాని భూమి గలవానికి వేరు దారియు గలదు. 1922 నుండి పనిచేయుచున్న మన లాం పరిశోధన స్థానమువారి ఎల్.ఆర్.జి.-41 కంది ఈ సీమకు చిరపరిచితము. ప్రతి రైతును కొద్ది సెంట్లు ఇంటితిండికి విడిచి కంది, కొర్ర, గోంగూర, బెండ వేయవలెను. ఈ చెక్క మందుకొట్టు ప్రత్తి, మిరప చేల నడుమ ఉండరాదు. ఆ చేలగట్లపై మందు పడిన ఆకుకూరను కోసి పిల్లలకు పెట్టరాదు. పెరటిలో గాని, గాలికి ఎదురుగా దూరమున గాని ఉండవలెను.

మన సంఘమునకును ఇందు బాధ్యత గలదు. ప్రత్తికి, మిరపకు అప్పిచ్చునప్పుడు విత్తనము, ఎరువు, మందు లెక్కవేయుదుము. రైతు ఇంటి తిండిని లెక్కవేయము. రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతి సభ్యునకు పంటరుణముతో పాటు ఇంటిచెక్కకు చాలు కందివిత్తులును కూరవిత్తులును ఇచ్చుటకు, సభ్యులు పండించిన కందులను సంఘమే కొని సభ్యులకే అమ్ముటకు తీర్మానము చేయవలెనని నా మనవి. జబ్బుపడిన రైతు అప్పు తీర్చలేడు. కావున ఇది ధర్మము మాత్రమే కాదు, వ్యాపారము కూడ.

అంతవరకు ఒక్క పని చేయుడు. నూనె ప్యాకెట్టు కత్తిరించిన దినమున ఆ తేదీని వంటయింటి గోడపై వ్రాయుడు. నెలకు ఎన్ని గీతలు పడినవో ఇంటివారందరును కలిసి చూడుడు. గేదె దాణాకు కొలమానిక ఉన్న ఇంట మనుష్యుని తిండికి ఒక చెంచా కొలత ఉండుట అతిశయము కాదు.

— ఒక వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు