చేతిపనులు: గాజుపూసల పొందిక

ఇటీవల ఒక సోదరీమణి తాను మంటపై చేసిన గాజుపూసను మాకు చూపెను. నీలిగాజుపూస, దానిచుట్టును తేనెరంగు తీగ. చూచుటకు ముచ్చటగా నుండెను. కాని తీగ వెంబడి వెండ్రుకవంటి పగులు కానవచ్చెను. “కొలిమిలో మెల్లగానే చల్లార్చితిని. మూడు వారములు బాగుగ నుండి యిట్లయినది. నా పనిలో లోప మేమి?” అని యామె యడిగెను.

ఆ తేనెగాజు ఆమె తల్లిగారి పాత అత్తరుసీసాలోని ముక్కయట. కుమార్తె పెండ్లిహారములో దానిని కూర్పవలెనని యామె కోరిక. లోపము చేతిలో లేదు, గాజుల పొందికలో నున్నదని మేము చెప్పితిమి.

1291వ సంవత్సరమున వెనీసు నగరమువారు గాజుకొలిములను మురానో ద్వీపమునకు తరలించిరి. గాజుపూసలకు ఆ ద్వీపము నేటికిని ప్రసిద్ధము. పూర్వము నూనెదీపపు జ్వాలపై చేసెడి పనిని నేడు గ్యాసుమంటపై చేయుచున్నారు. మట్టిపూత పూసిన ఉక్కుపుల్లపై కరగిన గాజును చుట్టి, వేఱు రంగుల నద్దుటయే యీ పని.

గాజులన్నియు నొక్కజాతివి కావు. ప్రతి గాజును వేడికి వ్యాకోచించి, చల్లారునపుడు ముడుచుకొనును. ఆ కొలతను అంకెతో తెల్పుదురు. మురానో మెత్తని కడ్డీలకు 104. ప్రయోగశాల పాత్రలకు వాడు బోరోసిలికేటు గాజుకు 33. సీసాగాజు మురానో గాజుకంటె తక్కువగా ముడుచుకొనును. అట్టి రెండిటిని ఒకే పూసలో అతికినచో, ఒకటి లాగుచుండ రెండవది నిలద్రొక్కుకొనును. ఆ బిగువుచే పూస నాడే పగులవచ్చును, నెలలు గడచిన పిదపను పగులవచ్చును. మెత్తని గాజుపూసను సుమారు 510 సెంటిగ్రేడు డిగ్రీల వేడిలో నుంచి మెల్లగా దించినచో, సమముగా చల్లారకపోవుటచే కలిగిన బిగువు పోవును. జాతిభేదముచే కలిగిన బిగువును మాత్రము ఏ కొలిమియు తీర్పజాలదు.

క్రొత్త గాజును కలుపుటకు ముందు ఈ పరీక్ష చేయుడు. రెండు కడ్డీల కొనలను మంటలో ప్రక్కప్రక్కగా అతికి, సన్నని తీగగా సాగదీయుడు. చల్లారినపుడు తీగ తిన్నగా నున్నచో ఆ రెండును కలియును. వంగినచో, వంపునకు లోపలివైపున నున్న గాజు ఎక్కువగా ముడుచుకొనునదని యెఱుగుడు. అట్టి వానిని కలుపవలదు. పగులుపూస అంచు కఱకైనది, మెడను కోయును. పగులు చిన్నదియేకదా యని హారమున గ్రుచ్చవలదు.

అయినచో తల్లిగారి గాజు వ్యర్థమా? కాదు. ఆ సీసాముక్కతోనే, వేఱొక గాజు కలుపక, పూర్తిగా నొక పూస చేయుమని ఆ సోదరికి చెప్పితిమి. దానిని చల్లార్చుటకు మురానో గాజుకంటె కొంచెము హెచ్చు వేడి కావలెను. ఇటుప్రక్క నీలిపూస, అటుప్రక్క నీలిపూస, నడుమ తేనెపూస. ఒక పూసలో ఇమడని గాజులు ఒక దారమున చక్కగా నిముడును. ఆమె యిపుడు ఆ పనిలోనే యున్నది.