గీత కలిసింది, లెక్క కలవలేదు

"అన్నా, ఫిట్ అదిరింది చూడు!"

మొన్న రాత్రి బేతంచెర్ల నుంచి ఒక తమ్ముడు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపాడు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు. రాగి రేకు మీద తీసిన ఎక్స్-రే శోషణ డేటా. నీలం గీత మీద ఎర్ర గీత అతికించినట్టు కూర్చుంది. కింద అంకెల్లో మాత్రం, పక్కనున్న పరమాణువులు: 10.8.

ఏమప్పా, రాగిలో ఒక్కో పరమాణువుకీ ఆనుకుని 12 మంది ఉంటారు కదా! తోపుడు బండి మీద బత్తాయిలు పేర్చినట్టే: చుట్టూ ఆరు, పైన మూడు, కింద మూడు. మరి ఆ 1.2 ఎటు పోయింది?

అసలు జరిగేది ఇదీ. ఎక్స్-రే శక్తి దాదాపు 8,979 ఎలక్ట్రాన్ వోల్టులు దాటగానే రాగి లోపలి ఎలక్ట్రాన్ ఒకటి బయటికి దూకుతుంది. అది అలలా వెళ్లి, పక్కవాళ్లను తాకి, వెనక్కి వస్తుంది. ఆ రాకపోకల వల్ల శోషణ గీతలో చిన్న చిన్న వంకర్లు పడతాయి. వాటిని ఫూరియే లెక్కతో దూరాలుగా మార్చవచ్చని సేయర్స్, స్టెర్న్, లైటిల్ 1971లో చూపించారు. (ఆ బొమ్మలో మొదటి శిఖరం 2.2 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర కనిపిస్తుంది, అసలు దూరం 2.55. కంగారుపడొద్దు, అల ఫేజ్ మారడం వల్ల అలా జరుగుతుంది.)

ఎక్స్-రే స్పెక్ట్రోస్కోపీ మనవాళ్లకు కొత్తేం కాదు. గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద 1930ల్లోనే ప్రేగ్‌లో దాని మీద పరిశోధన చేశారు. ఇప్పుడైతే ఇండోర్‌లోని ఇండస్-2లో ఇలాంటి డేటా తీస్తున్నారు. ఫిట్ చేయడానికి ఆర్టెమిస్, లార్చ్ ఉచితంగా దొరుకుతాయి. ల్యాప్‌టాప్ చాలు.

తమ్ముడి తిప్పలు ఎక్కడంటే, ఫార్ములాలో పక్కవాళ్ల సంఖ్య ఒంటరిగా ఉండదు. 'ఎస్ నాట్ స్క్వేర్' అనే అంకెతో గుణించి ఉంటుంది. ఒక ఎలక్ట్రాన్ లేచిపోతే మిగతావి కదిలి అల ఎత్తు కాస్త తగ్గుతుంది, ఆ తగ్గుదల లెక్క అది. రాగికి దాదాపు 0.9. తమ్ముడు దాన్ని 1 అని పెట్టేశాడు. 12ను 0.9తో గుణించినా 10.8, 10.8ని 1తో గుణించినా 10.8. డేటాకు లబ్ధం ఒక్కటే తెలుసు. గీత రెండిటికీ ఒకేలా కలుస్తుంది!

మీ ఊళ్లో బండలు కొలిచే టేపు సాగిపోతే ఏమవుతుంది? ప్రతి బండా తక్కువే చూపిస్తుంది. అందుకే ముందు కొలత తెలిసిన బండ మీద టేపు పెట్టి చూడాలి. రాగి రేకు ఆ తెలిసిన బండ. 12 అని బిగించి, 0.9 రాబట్టి, ఆ 0.9ని తెలియని శాంపిల్‌కి తీసుకెళ్లాలి. ఎందుకంటే నానో రాగి రేణువుల్లో ఉపరితలం మీద ఉన్నవాళ్లు ఎక్కువ, కాబట్టి సగటు నిజంగానే 12 కంటే తగ్గుతుంది. టేపు సరిచూడకపోతే మామూలు రేకునే నానో అనేసి పేపర్ రాసేస్తాం.

పొద్దున మళ్లీ మెసేజ్. 12 బిగిస్తే 0.9 వచ్చిందట. గీత వెంట్రుకవాసి కూడా మారలేదట.

"అయితే అన్నా, పోయిన నెల చేసిన నానో శాంపిల్ ఫిట్‌లో కూడా 1 అనే పెట్టినా..."

అది కూడా మళ్లీ చెయ్యప్పా. గైడ్‌కి పంపకముందే.